పాత గొలుసు ట్రాక్టరును కాపాడుకొనుట - చేలలోని మొద్దులను తీయుట

సేద్యపు నేలలో నొక చెట్టు మొద్దు నిలిచియున్నచో, అది తాను నిలిచిన జానెడు చోటును మాత్రమే హరించుచున్నదని తలంపరాదు. నాగలి దానిని తప్పించుకొని పోవలెను, నాగలి తప్పిన చోట గడ్డి మొలచును, గొర్రు విరుగును, కల్టివేటరు కొయ్య వంగును, వరికోత యంత్రము గలవాడు ఆ మడిలో దిగుటకే యొప్పుకొనడు. వేరు సజీవముగా నున్నచో అది ప్రతి తొలకరికిని చిగిర్చి, పైరు త్రాగవలసిన నీటిని తానే త్రాగును. ఇట్టి నేలలో రైతు ఎకరమంతటికిని పెట్టుబడి పెట్టియు ఎకరపు ఫలమును పొందజాలడు. కావున మొద్దులను తీయుట యను పని చూచుటకు మోటుదైనను సేద్యమున కది పునాది వంటిది. ఆ పనికి సాధనమైన గొలుసు ట్రాక్టరును గూర్చియు, దానిని చిరకాలము నడుపుకొను విధమును గూర్చియు, సంఘములు ఇట్టి యంత్రమును ఉమ్మడిగా నుంచుకొనుటలోని లాభనష్టములను గూర్చియు ఈ సంచికలో విన్నవించుచున్నాము.

మన ప్రాంతమున మొద్దులు

పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016వ సంవత్సరము అక్టోబరులో పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. పేర్లు మారినను నేల మారలేదు, చెట్లు మారలేదు. ఇచ్చటి చేలలో మనకు మూడు విధములైన మొద్దులు కానవచ్చును.

మొదటివి, చెలక నేలలలోను గట్ల వెంబడిని తమంతట పెరిగిన తుమ్మ, మోదుగ, తునికి, రేగు, వేప, మద్ది మొదలగువాని మొద్దులు. రెండవవి, కాగితపు మిల్లుల కొఱకు నాటిన జామాయిలు, సుబాబులు తోటల మొద్దులు. మూడవవి, జగిత్యాల వైపున కాపు తగ్గి కొట్టివేయబడిన ముసలి మామిడి తోటలవి.

వీనిలో రెండవ రకపు కథ మన సభ్యులలో పలువురకు తెలిసినదే. కాగజ్‌నగరములోని సిర్పూరు కాగితపు మిల్లు 1938లో స్థాపింపబడి 1942లో ఉత్పత్తిని ప్రారంభించినది. జామాయిలు ఒకమారు నాటినచో నాలుగైదేండ్ల కొకమారు నరుకవచ్చును. నరికిన మొదలు నుండియే మరల పిలకలు వచ్చును గనుక రెండు మూడు కోతల వఱకు క్రొత్తగా నాటవలసిన పని లేదు. అందువలన నీరు లేని చెలకలు గలవారికి అది యనుకూలముగా తోచినది. కాని 2014లో ఆ మిల్లు మూతపడెను. 2018లో చేతులు మారి మరల తెరువబడువఱకు సమీపముననే సరకు కొను పెద్ద బేరము లేకపోయెను. అట్టి కాలమున తోట తీసి ప్రత్తికో కందికో మరలగోరిన రైతునకు ఎకరమునకు వందల కొలది మొద్దులు అడ్డు నిలుచును. తోట నాటునాడు మొద్దులు తీయు ఖర్చును లెక్కలో వేసికొనవలెనని చెప్పువారు అరుదు. ఇకముందు నాటువారైనను ఈ ఖర్చును మొదటనే లెక్కింపవలెనని మా మనవి.

గొలుసు ట్రాక్టరు పుట్టుపూర్వములు

చక్రములకు బదులు ఇనుప పలకల గొలుసుపై నడచు ట్రాక్టరును మన జనులు చైను ట్రాక్టరనియు, ముందు పెద్ద పలక గలదానిని డోజరనియు పిలుతురు. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములోని మెత్తని నేలలలో బరువైన ఆవిరి ట్రాక్టర్ల చక్రములు దిగబడుచుండుట చూచి, బెంజమిన్ హోల్ట్ అను యంత్రకారుడు చక్రములను తీసి గొలుసులను బిగించి 1904 నవంబరులో పరీక్షించెను. 1925లో హోల్టు కంపెనీయు బెస్టు కంపెనీయు కలిసి కాటర్‌పిల్లర్ అను కంపెనీ యయ్యెను. ఈ యంత్రముయొక్క బరువు రెండు పొడవైన గొలుసులపై పరచుకొని యుండును గనుక, నేలపై పడు ఒత్తిడి తక్కువ, పట్టు ఎక్కువ. మొద్దులను త్రోయుటకు కావలసినది వేగము గాదు, ఈ పట్టే.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికా సైన్యము మన దేశమున విడిచిన ట్రాక్టర్లతో కేంద్ర ట్రాక్టరు సంస్థ ఏర్పడెను. మధ్య భారతమున కాసెగడ్డి పట్టి బీడుపడిన లక్షలాది ఎకరములను లోతుగా దున్ని బాగుచేయుట దాని పని. ఇందులకై 1949 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు మన దేశమునకు 1 కోటి డాలర్ల ఋణమును మంజూరు చేసినది. 1964లో బెంగుళూరున భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ స్థాపింపబడి డోజర్లు మన దేశముననే తయారగుచు వచ్చినవి. మన ప్రాంతమున శ్రీరామసాగరము నకు 1963 జులై 26న జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పిదప, కాలువ నీరు వచ్చు చెలకలను చదునుచేయుట యవసరమయ్యెను. 1968లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ పరిశ్రమల అభివృద్ధి సంస్థ బుల్డోజర్లను అద్దెకిచ్చుచు ఇట్టి పనులకు తోడ్పడినది. అట్టి కాలపు యంత్రములు చేతులు మారుచు, మరమ్మతులు పొందుచు, దశాబ్దములు నడచుట గలదు. యంత్రము పాతదని నిందింపరాదు. దాని నడిపించు పద్ధతి పాడైనపుడే యంత్రము పాడగును.

ఒక పెద్ద పథకము నేర్పిన పాఠము

యంత్రములు ఎన్ని యున్నను వానిని నిలుపుకొను ఏర్పాటు లేనిచో ఏమగునో తెలియుటకు తూర్పు ఆఫ్రికాలోని వేరుసెనగ పథకము తగిన యుదాహరణము. నేడు టాంజానియా యనబడు టాంగనికా దేశమున, ముప్పది లక్షల ఎకరములకు పైగా అడవి కొట్టి వేరుసెనగ పండింపవలెనని బ్రిటిషు ప్రభుత్వము 1946లో నిశ్చయించెను. మొదటి యేట, అనగా 1947లో, లక్షన్నర ఎకరములు సాగులోనికి తేవలెనని తలంచిరి. ఫిలిప్పీనులలో యుద్ధానంతరము మిగిలిన పాత ట్రాక్టర్లను కొని తెచ్చిరి. తెచ్చినవానిలో పెక్కింటి యంత్రభాగములు అరిగియుండెను, విడిభాగములు దొరకలేదు, మరమ్మతు శాల సిద్ధము కాలేదు, నడుపువారికి శిక్షణ చాలలేదు. పైపొదలను త్రోయుట సులభమైనను భూమిలోని వేళ్లు నాగళ్లను విఱిచినవి. వాన వెలిసిన పిదప ఆ జిగురునేల ఎండి ఱాయివలె గట్టిపడెను. తలంచిన లక్షన్నరలో కొన్ని వేల ఎకరములు మాత్రమే తయారయ్యెను. 1951 జనవరిలో పథకమును విడిచిపెట్టిరి. 3 కోట్ల 60 లక్షల పౌనులు నష్టము క్రింద వ్రాసికొనిరి.

ఒక సామ్రాజ్యమునకు తగిలిన దెబ్బ యొక గ్రామ సంఘమునకును తగులవచ్చును. మనకది చిన్న మొత్తమైనను మన గుండె కది పెద్దదే. కావున యంత్రమును కొనుటకు ముందు విడిభాగమెచ్చట దొరకును, మిస్త్రీ యెవరు, నడుపువాడెవరు, నేల యెట్టిది అను నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను.

కొనునపుడు చూడవలసినవి

పాత యంత్రమును చూడబోవువారు తఱచుగా ఇంజను ధ్వనిని విని, క్రొత్త రంగును చూచి మురియుదురు. గొలుసు ట్రాక్టరునకు అసలు ఖర్చు అడుగుభాగమున నుండును. గొలుసు, పిన్నులు, బుష్షులు, రోలర్లు, పళ్లచక్రము, ముందు చక్రము, వీని మరమ్మతే మొత్తము మరమ్మతు ఖర్చులో సగము వఱకు మ్రింగివేయును. కనుక ముందుగా వంగి క్రింద చూడవలెను.

పళ్లచక్రపు పళ్లు సూదివలె మొన తేలియున్నచో అది అరిగినది. అరిగిన పళ్లచక్రముపై క్రొత్త గొలుసు వేసినచో క్రొత్త గొలుసును అది త్వరలో తినివేయును. రోలరు ప్రక్కన నూనె జిడ్డు కారియున్నచో లోపలి సీలు పోయినదని యర్థము. తిరుగక ఒక ప్రక్క చదునుగా అరిగిన రోలరు పనికిరాదు. యంత్రమును తిన్నగా నడిపించి, పిదప కుడికిని ఎడమకును సమముగా త్రిప్పి చూడవలెను. ఒక వైపునకు తిరుగుటకు మొరాయించినచో స్టీరింగు క్లచ్చో బ్రేకో పోయినదని తెలియును. చల్లబడిన ఇంజనును మన యెదుటనే నడిపింపుమని యడుగవలెను. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన లోపమును దాచుకొనును.

గొలుసును కాపాడు విధము

గొలుసు మిక్కిలి బిగువుగా నుండుట మంచిదని పలువురు తలంతురు. అది సరికాదు. బిగువైన గొలుసు తనను తానే అరగదీసికొనును, ఇంజను బలమును మ్రింగును. మిక్కిలి వదులైనచో మలుపులో జారిపోవును. ముందు చక్రమునకును మీది రోలరునకును నడుమ గొలుసుపై ఒక తిన్నని కర్ర నుంచి చూచినచో, నడుమ సుమారు ఒక అంగుళము మొదలు అంగుళమున్నర వఱకు గొలుసు దిగియుండుట సామాన్యముగా తగిన కొలత. ఆ యా యంత్రపు పుస్తకములో వేరు కొలత యున్నచో దానినే పాటింపవలెను. రేగడి మట్టి పళ్లచక్రములో నిండినచో గొలుసు తనంతట బిగియును. కావున పనిచేయు చోటనే, పనిచేయు స్థితిలోనే బిగువును చూచుకొనవలెను. గ్రీజు బలముతో బిగించు ఏర్పాటు గల యంత్రములలో మరను వదులు చేయునపుడు ఒక చుట్టునకు మించి త్రిప్పరాదు, ముఖమును దాని యెదుట నుంచరాదు. లోపలి గ్రీజు తుపాకి గుండువలె వెలువడి మనిషిని గాయపఱచును.

బుష్షులు ఒక ప్రక్కనే అరుగును. పూర్తిగా అరగక ముందే పిన్నులను బుష్షులను వెలికి తీసి సగము చుట్టు త్రిప్పి మరల కూర్చినచో అరగని ప్రక్క పనిలోనికి వచ్చి గొలుసునకు రెండవ యాయువు కలుగును. ఈ పనికి బలమైన ప్రెస్సు కావలెను గనుక దానిని గల కార్ఖానాకే పంపవలెను. సుత్తెతో కొట్టినచో లింకులు వంగును. కాలము మించి, బుష్షు చిల్లిపడిన పిదప త్రిప్పుటకు వీలులేదు. ఏ నెలలో ఎంత అరిగినదో కొలిచి వ్రాసికొను సంఘమునకే ఈ లాభము దక్కును.

వెనుకకు వేగముగా నడుపుట, ఎల్లప్పుడు ఒకే వైపునకు మలుపుట, ఱాళ్లపై గిరుక్కున త్రిప్పుట, ఇవి గొలుసునకు శత్రువులు. సాయంకాలము పని ముగియగానే, మట్టి తడిగా నున్నపుడే పారతో గీకివేయవలెను. మరునాటికి అది యెండి సిమెంటు వలె రోలర్లను పట్టివేయును. పలకల బోల్టులు వదులైనవో లేవో ప్రతి దినము చూడవలెను. ఒక బోల్టు వదులైన నాడే బిగించినచో పాన చాలును, మానినచో పలకయు లింకును పోవును.

ఇంజను దినచర్య

మన ప్రత్తి చేల ధూళి మిక్కిలి సన్నని ధూళి. గాలి వడపోత దానిని ఆపకున్నచో అది ఇంజను లోనికి పోయి సానబట్టినట్లు సిలిండర్లను అరగదీయును. నూనె గిన్నె గల పాత వడపోతను ధూళి పనిలో ప్రతి దినము విప్పి కడిగి, గుర్తు వఱకు నూనె పోయవలెను. గుర్తు మించినచో ఇంజను ఆ నూనెను పీల్చును.

డీజిలులో నీరు చేరుట రెండవ కీడు. సాయంకాలము టాంకును నింపి యుంచినచో లోపల ఖాళీ యుండదు గనుక రాత్రి చలికి లోపలి గాలి చెమర్చి నీరగుట తగ్గును. ఉదయము టాంకు అడుగు మరను వదలి, నీరు పోయి డీజిలు వచ్చువఱకు జారనీయవలెను. పీపాలోని డీజిలును ఒక రాత్రి తేఱనిచ్చి, అడుగున రెండు మూడంగుళములు విడిచి పై భాగమునే తోడవలెను.

పాత కాటర్‌పిల్లర్ డీజిలు ఇంజనులలో పెక్కింటికి ప్రక్కన పెట్రోలుతో నడచు రెండు సిలిండర్ల చిన్న ఇంజను ఉండును. ముందుగా అది నడచి పెద్దదానిని త్రిప్పును. నడుపువాడు ఇచ్చట తొందరపడరాదు. పెద్ద ఇంజనును కొంతసేపు వట్టిగా తిరుగనిచ్చి, నూనె ఒత్తిడి ముల్లు లేచిన పిదపనే డీజిలు విడువవలెను. పని ముగించునపుడును ఇంజనును వెంటనే ఆపక, అయిదు నిమిషములు నెమ్మదిగా నడువనిచ్చి చల్లబఱచి ఆపవలెను. మొద్దుల పనిలో ఆకులు, చెత్త రేడియేటరు సందులలో చేరును; దినమునకు రెండు మార్లు దులుపవలెను. కాగియున్న రేడియేటరు మూత తీయుటయు, వేడి ఇంజనులో చన్నీరు పోయుటయు, రెండును ప్రమాదములే: మొదటిది మనిషికి, రెండవది ఇంజనునకు.

మొద్దులను తీయు క్రమము

చెట్టు ఇంకను నిలిచియున్నచో దానిని నేలకు సమముగా నరుకుట తెలివి కాదు. కొమ్మలను పైభాగమును నరికి, నాలుగైదడుగుల మ్రానును విడిచినచో ఆ మ్రానే గడ్డపార వలె పనిచేయును. ఎత్తున త్రోసినపుడు వేళ్లు సులభముగా కదలును. కొమ్మలతో నున్న చెట్టును డోజరుతో త్రోయరాదు; ఎండిన కొమ్మ విఱిగి నడుపువాని తలపై పడును.

కాలము నేలను బట్టి యుండును. చెలకలలో వానలు కురిసి నేల పదునుగా నున్నపుడు వేళ్లు జారి వచ్చును. రేగడిలో వానకాలమున దిగినచో యంత్రము దిగబడుటయే గాక, దాని బరువునకు నేల అణగి కొన్నేండ్లు పైరునకు హాని కలుగును; నడివేసవిలో నేల ఱాయివలె నుండును. వానకాలపు పంట తీసిన పిదప, పైనేల ఆరి అడుగున చెమ్మ మిగిలియున్న దినములు రేగడికి తగినవి.

పెద్ద మొద్దును ఒక్క త్రోపున పెకలింప యత్నించుటవలన గొలుసు జారి గోతులు పడుటయే గాని ఫలము లేదు. మొద్దునకు బారెడు దూరమున, మూడు ప్రక్కల డోజరు పలక మూలతో లోతుగా గీసి ప్రక్క వేళ్లను తెంపవలెను. పిదప నాలుగవ ప్రక్కనుండి పలకను మొద్దు క్రిందికి దింపి, త్రోయుచునే పైకి లేపవలెను. త్రాళ్లతో లాగునపుడు బలము చాలకున్నచో కప్పీని వాడవచ్చును: త్రాటి యొక కొనను వేఱొక గట్టి మొద్దునకు కట్టి, తీయవలసిన మొద్దునకు కప్పీని తగిలించి, రెండవ కొనను ట్రాక్టరు లాగినచో లాగుడు బలము సుమారు రెట్టింపగును, ట్రాక్టరు మాత్రము రెండింతల దూరము నడువవలెను.

జాతి నెఱిగి పనిచేయవలెను. సర్కారు తుమ్మ మొగ్గలు నేలకు కొంచెము దిగువనే యుండును. నేలపై నరికినచో అది యొకటికి పది యగును. అడుగు లోతున గల మొదలుగడ్డను తీసినచో చచ్చును. తునికి, మోదుగ వేళ్ల నుండియే పిలకలు వేయును. కావున మొద్దు తీసిన పిదప వేసవిలో రెండు వైపుల లోతుగా దున్ని, వేళ్లను ఏరి, మరుసటి యేడు వచ్చు పిలకలను గూడ తీసివేయవలెను. కొమ్మ కత్తిరింపులతో పెంచిన జామాయిలు మొక్కలకు నిజమైన తల్లివేరుండదు. విత్తన మొక్కల కుండును. కావున ఏ రకపు నారు నాటితిమో గుర్తున్నచో ఎంత లోతు త్రవ్వవలెనో తెలియును. తాటి మొద్దునకు పీచు వేళ్లే గనుక అది మరల చిగుర్పక కాలక్రమమున క్రుళ్లిపోవును.

మొద్దు వచ్చినంతనే కుప్పలుగా నెట్టుట మంచిది కాదు. దాని వేళ్ల నడుమ బండ్ల కొలది సారవంతమైన మట్టి యుండును. కొన్ని వారములు ఎండనిచ్చి, మట్టిని దులిపి, పిదప కదలింపవలెను. వీలైనచో పలకకు బదులు పళ్ల డోజరును వాడినచో మట్టి సందులనుండి జారి చేలోనే నిలుచును. పైనున్న కొద్ది అంగుళముల మట్టియే మన పెద్దల సంపాదన. దానిని గట్టునకు నెట్టివేసి నేల చదునైనదని సంతోషించువాడు అసలును వడ్డీకి పోగొట్టుకొన్నవాడు. గోతిలో అడుగు మట్టిని ముందుగాను పైమట్టిని చివరగాను పొరలు పొరలుగా వేసి త్రొక్కవలెను; ఒక వానకు దిగిన పిదప మరల నింపవలెను.

మిగిలిన సన్నవేళ్లు క్రుళ్లునపుడు నేలలోని నత్రజని కొంతకాలము వానికే పోవును. అందువలన మొదటి యేట పైరు పచ్చదనము తగ్గవచ్చును. ఆ యేట జనుము, పెసర, కంది వంటి పైరు వేయుట మేలు. జగిత్యాల సమీపమున పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానము వంటి చోట్ల మట్టి పరీక్ష చేయించుకొని ఎరువు వేయవలెను.

యంత్రము లేనివారు నిరాశపడ నవసరము లేదు. పదిపదునైదు మొద్దులే యున్నచో గడ్డపార, గొడ్డలి, ఓర్పు చాలును. జానెడు పెరిగినప్పుడెల్ల పిలకను విఱుచుచు వచ్చినచో వేరులోని నిల్వ తఱిగి మొద్దు చచ్చును. చచ్చిన మొద్దును మట్టి కప్పి తడిగా నుంచినచో చెదలు, బూజు తమ పని తాము చేయును. ఇప్పుడు మండలము లన్నిటను అద్దెకు దొరకు తవ్వుడు యంత్రములు, జేసీబీ యని మనము పిలుచునవి, ఒక్కొక్క మొద్దును పెకలించుటలో డోజరు కంటె నేర్పు గలవి, పైమట్టిని తక్కువగా చెఱచును. మొద్దులు దూరదూరముగా నున్నచో అవియే మేలు. వేళ్లల్లుకొన్న పెద్ద తోటలను తీసి, నేలను చీల్చి, చదును గూడ చేయవలసినచోట గొలుసు ట్రాక్టరు మేలు.

ప్రాణము కంటె మొద్దు పెద్దది కాదు

చక్రముల ట్రాక్టరుతో మొద్దులు లాగువారు ఈ మాటను మనసున నాటుకొనవలెను. గొలుసును ఎల్లప్పుడు క్రిందనున్న డ్రాబారునకే తగిలింపవలెను. ఇరుసునకో, సీటు వెనుక ఎత్తైన చోటనో కట్టి లాగినచో, మొద్దు కదలనపుడు ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరుగబడి నడుపువానిని క్రిందవేయును. మనిషి తేఱుకొని దుముకులోపల అంతయు ముగియును.

ఇనుప త్రాడు తెగినచో కొరడావలె వెనుకకు కొట్టును. కావున లాగునంతసేపు ఆ త్రాటి పొడవునకు మించిన దూరమున అందఱును నిలువవలెను. పిల్లలను చేలోనికి రానీయరాదు. యంత్రముపై నడుపువాడు తప్ప వేఱొకడు కూర్చుండరాదు. ముళ్లు వేసిన త్రాడును, అతికిన గొలుసును వాడరాదు. పాత మోటబావుల అంచులు పొదలలో కప్పబడి యుండును. పని ప్రారంభించుటకు ముందు ఆ చేను నెఱిగిన ముసలివారిని వెంట బెట్టుకొని నడచి, బావులకు, పైపులకు, కరెంటు తీగెలకు గుర్తులు పెట్టవలెను. మొద్దు తొఱ్ఱలలో పాములు, కందిరీగలు ఉండును. చేయి పెట్టుటకు ముందు కర్రతో తట్టవలెను.

చట్టమును గూర్చి యొక మాట. చెట్టు మన పట్టా చేనిలో నున్నను, 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష చట్టము ననుసరించి నరుకుటకు అనుమతి కావలసి యుండును; కొన్ని జాతులకు మినహాయింపు గలదు. తాటి, ఈత చెట్లు గీత పనివారి జీవనాధారము; అనుమతి లేనిదే వానిని ముట్టరాదు. అడవి హద్దు సందేహముగా నున్నచోట సంఘపు యంత్రమును దింపరాదు. 1980వ సంవత్సరపు అటవీ సంరక్షణ చట్టము, 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము, రెండును ఇట్టి భూములకు వర్తించును. హద్దు తేలక ముందు యంత్రము నడిపినచో వ్యాజ్యము సంఘమందలి సభ్యులందఱి మెడకు చుట్టుకొనును.

సంఘము వేయవలసిన లెక్క

యంత్రము పాడగుట కంటె ముందు లెక్క పాడగును. ఒక యుదాహరణము చెప్పెదము; అంకెలు ఊహించినవి, పద్ధతి మాత్రము నిజమైనది.

పాత గొలుసు ట్రాక్టరును 10 లక్షలకు కొంటిమనియు, అది ఇంక 5,000 గంటలు పనిచేయుననియు అనుకొందము. గంటకు తఱుగు 200 రూపాయలు. అడుగుభాగమును 2,000 గంటల కొకమారు 4 లక్షలతో బాగుచేయవలెను, గంటకు 200. డీజిలు గంటకు 10 లీటర్లు, లీటరు 100 రూపాయల వంతున 1,000. నడుపువానికి నెలకు 20,000 జీతము, నెలకు 100 గంటల పని, గంటకు 200. ఇంజను నూనె, గ్రీజు, వడపోతలు, చిన్న మరమ్మతులు 200. మొత్తము గంటకు 1,800 రూపాయలు.

సంఘము డీజిలు, జీతము, నూనె మాత్రమే లెక్కించి 1,400 అద్దె పెట్టినదనుకొందము. నష్టము కనబడదు. సభ్యులు సంతోషింతురు. కాని 2,000 గంటలు గడచునాటికి పెట్టెలో నుండవలసిన 8 లక్షలు ఉండవు. ఆనాడు గొలుసు తెగును, యంత్రము చెట్టు క్రింద నిలుచును, తీగెలు దానిపై ప్రాకును. అది యంత్రము చేసిన మోసము కాదు. గంటకు 400 రూపాయల చొప్పున మనమే తినివేసిన అసలు.

పని తగ్గినచో మఱియొక చిక్కు. నెలకు 100 గంటలకు బదులు 40 గంటలే పని యున్నచో నడుపువాని జీతమే గంటకు 500 రూపాయలగును, మొత్తము 2,100 అగును. కావున కొనుటకు ముందే ఏ సభ్యునికి ఎన్ని ఎకరములు, ఎన్ని మొద్దులు, ఏ నెలలో పని యని వ్రాతమూలముగా తీసికొని కూడవలెను. కూడిన గంటలు చాలనిచో ప్రక్క గ్రామముల సంఘములతో కలియవలెను. అప్పటికిని చాలనిచో కొనుట మాని అద్దెకు తెచ్చుట మేలు. కొనకుండుట గూడ నొక మంచి తీర్మానమే.

ఉమ్మడి సొత్తును లెక్కతో కాపాడుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నాటి కరీంనగరము జిల్లాలోని ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి పూనికతో స్థాపింపబడిన సహకార సంఘము అప్పులు, ఎరువులు, పంటల అమ్మకము అన్నిటిని సభ్యుల చేతులలోనే యుంచుకొని దేశమునకు మార్గదర్శి యైనది. అచ్చటి బలము ఇటుకలలో లేదు, పుస్తకములలో నున్నది.

యంత్రమును ఉంచుకొను సంఘమునకు మూడు పుస్తకములు చాలును. ఒకటి గంటల పుస్తకము: ఏ దినము, ఎవరి చేను, ఎన్ని గంటలు, ఎంత డీజిలు. రెండవది మరమ్మతు పుస్తకము: ఏ భాగము, ఎప్పుడు మార్చితిమి, ఎన్ని గంటలు నడచినది. మూడవది మరమ్మతు నిధి పుస్తకము: గంట కింతయని వచ్చిన సొమ్ము వేఱు ఖాతాలో వేయబడినదా, లేదా. నిధి సొమ్మును ఎట్టి తొందరలోనైనను వేఱు పనికి వాడరాదని మహాసభలో తీర్మానింపవలెను. నడుపువాడు ఒక్కడే బాధ్యుడుగా నుండవలెను. నలుగురు నడుపు యంత్రమునకు జబ్బు చెప్పువాడుండడు. అధ్యక్షుని చేనికి ముందు, సామాన్య సభ్యుని చేనికి వెనుక యను మాట రాకుండ, పేరు వ్రాయించుకొన్న వరుసలోనే యంత్రమును పంపవలెను.

వచ్చు మహాసభకు ముందు ప్రతి సభ్యుడును తన చేలలోని మొద్దులను ఒకమారు లెక్కించి, జాతిని, నేలను, తీయదలచిన నెలను వ్రాసి కార్యదర్శి కీయవలెనని కోరుచున్నాము. ఆ కాగితములన్నియు నొకచోట చేర్చి చూచిననాడు మనకు యంత్రము కావలెనో, అద్దె చాలునో, గడ్డపారయే మేలో స్పష్టముగా తెలియగలదు.